సంచార సౌధానికి లాగుడు భరోసా

రాష్ట్ర సంచార వినోద సంస్థ ఒక ఇల్లు కొన్నది. ఆ ఇంటికి ఆరు చక్రాలున్నాయి.

సంస్థ ఎం.డి. ఇందుశేఖర్ గారు అధ్యయనం కోసం విదేశం వెళ్ళి, అక్కడ జనం ఇంటిని వెంటబెట్టుకుని తిరగడం చూసి వచ్చారు. వచ్చిన వారంలోనే ఫైలు కదిలింది. ఆర్నెల్లకి బండి విశాఖపట్నంలో సంస్థ ఆవరణలోకి వచ్చి నిలబడింది. పొడవు ఆర్టీసీ బస్సంత. లోపల నాలుగు పడకలు, వంటగది, ఫ్రిజ్జు, స్నానాలగది, మరుగుదొడ్డి. మీట నొక్కితే పక్క నుంచి పందిరి బయటికొస్తుంది. నుదుటిన "సంచార సౌధం" అని రాయించారు.

సౌధం బాధ్యత డిప్యూటీ మేనేజరు పెంకే మంగతాయారుకి అప్పగించారు. ఆమె రవాణా విభాగం చూస్తుంది. సొంతవూరు కాకినాడ. భర్త సూరిబాబు అక్కడే కాలేజీలో లెక్చరరు. కూతురు లాస్య ఎనిమిదో తరగతి. మంగతాయారు ఒక్కతే విశాఖలో లేడీస్ హాస్టల్లో ఉంటూ, కాకినాడకి బదిలీ చెయ్యమని ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతోంది. కాకినాడ ఆఫీసులో పోస్టు ఖాళీగానే ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో ఎవరూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా పరిశీలనలో ఉందన్నారు.

బండి వచ్చిన రోజున ఎం.డి. గారు ఆమెని పిలిచారు.

"మీ బదిలీ ఫైలు మీద సంతకం చేసేశాను, మంగతాయారు గారూ. ఒకటే షరతు. సౌధం మొదటి యాత్ర పూర్తి చేసిన మరుక్షణం మిమ్మల్ని రిలీవ్ చేస్తాం."

మంగతాయారు మెట్ల మీదే ఆగి ఇంటికి ఫోన్ చేసింది.

"అరకు వెళ్ళి రావడమేనండీ. అయిపోతే ఇంటికొచ్చేస్తాను."

"అయితే ఈ నెల పాలు ఎక్కువ పొయ్యమని పాలవాడికి నేను చెప్పనా, నువ్వొచ్చి చెబుతావా?" అన్నాడు సూరిబాబు.

ఫోన్ లాస్య లాక్కుంది. "అమ్మా, నాన్న పప్పు వండారు. గిన్నె బోర్లించినా పడలేదే. తొందరగా వచ్చెయ్యి."

సౌధం మర్నాడే బయల్దేరాల్సింది. గేటు దగ్గర నిబంధన అడ్డొచ్చింది.

చాలా ఏళ్ళ కిందట సంస్థ ఛైర్మన్ ఒకరు జీపులో వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో అది చెడింది. లాగి తెచ్చే బండి దొరకలేదు. ఛైర్మన్ గారు క్యాబేజీ లారీ మీద, క్యాబేజీల మధ్య కూర్చుని ఊళ్ళోకి వచ్చారు. మర్నాడు సర్క్యులర్ వెలువడింది. దారిలో చెడితే లాగి తెచ్చే ఏర్పాటు ముందుగా చేసుకోనిదే సంస్థ వాహనం ఏదీ ఆవరణ దాటరాదు. అందులోనే రెండో పేరా ఉంది. చెడిన వాహనాన్ని దానికి బాధ్యులైన అధికారి ఏ పరిస్థితిలోనూ విడిచి వెళ్ళరాదు. క్యాబేజీల వెంట అప్పటి అధికారి రాలేదన్న కోపం ఆ పేరాలో ఉంది.

లోకం దీన్ని టోయింగ్ కవర్ అంటుంది. సంస్థ తెలుగులో రాస్తుంది కాబట్టి "లాగుడు భరోసా" అని రాసుకుంది. దాన్ని ఎంపిక చెయ్యడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఎం.డి. గారు, అకౌంట్స్ ఆఫీసరు బులుసు నృసింహమూర్తి గారు, మంగతాయారు.

మొదటి కంపెనీ ప్రతినిధి టై కట్టుకొచ్చాడు. బండి చుట్టూ తిరిగి, కిటికీలోంచి లోపలికి చూశాడు.

"అందులో మరుగుదొడ్డి ఉందాండీ?"

"ఉంది," అంది మంగతాయారు.

"అయితే అది ఇల్లండీ. మేం ఇళ్ళు లాగం."

ఇళ్ళకి బీమా చేసే కంపెనీని పిలిచారు. వాళ్ళ మనిషి బయటినుంచే చూసి, చక్రాలున్నాయి కదా అని వెళ్ళిపోయాడు.

మరో కంపెనీ ఒప్పుకుంది. ఏడాదికి రెండుసార్లు లాగుతారు. దగ్గర్లోని గ్యారేజీ దాకానే లాగుతారు. ఘాట్‌రోడ్డు మీద లాగరు. నృసింహమూర్తి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అభ్యంతరం చెప్పే ముందు అలా పెడతారు.

"ఘాట్ మినహాయిస్తే మిగిలేది మైదానం. మైదానంలో బండి చెడితే జనం తోస్తారు. తోసే సదుపాయం ఉచితంగా లభ్యమగు చోట లాగుటకు చెల్లించుట ద్వంద్వ వ్యయం అవుతుంది."

ఇంకో కంపెనీ బండి చెడితే ప్రయాణికులకి హోటల్ గది ఇస్తానంది. ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశారు.

"ప్రయాణికులు ఉన్నదే గదిలో. గదిలో ఉన్నవారికి గది ఇచ్చుట ఏ పద్దు కింద?"

"సార్, మొదటి యాత్ర వరకు ఏదో ఒకటి తీసుకుందామండీ," అంది మంగతాయారు. "తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు."

ఎం.డి. గారు తల అడ్డంగా ఊపారు. "ఏదో ఒకటి అనే మాట ఈ సంస్థలో వినపడకూడదు. పౌరుడికి సంపూర్ణ భరోసా ఇస్తున్నాం. ఎన్నిసార్లయినా లాగాలి. ఎంత దూరమైనా లాగాలి. ఎంత బరువైనా లాగాలి. దగ్గరి గ్యారేజీకి కాదు, మనం కోరిన చోటికి లాగాలి. రాసుకోండి."

మంగతాయారు రాసుకుంది. అదే టెండరైంది.

టెండరు వేసింది ఒక్కడే. షేక్ బాజీ. ఊరు చిలకలూరిపేట, గాజువాకలో క్రేన్లు నడుపుతాడు. లారీలు తిరగబడితే లేపడం అతని పని. సంతకానికి వచ్చినప్పుడు మంగతాయారు అడిగింది.

"బాజీ, షరతులు చదివావా?"

"చదివేదేముందమ్మా. కొత్త బండి. గవర్నమెంటు బండి. బయటికి పోయేది తక్కువ. ఏడాదికి రెండుసార్లు చెడుద్ది, కాదంటే మూడుసార్లు. ఆ మాత్రం లాగలేనా?"

అప్పటికి మార్చి ఆఖరి వారం. నెలాఖరులోగా ఖర్చు చెయ్యని డబ్బు సంస్థకి దక్కదు. అందుకని బాజీకి ఏడాది మొత్తం ముందుగానే చెల్లించారు. ఈ ఏడాది మిగులు చాలక, వచ్చే ఏడాది కేటాయింపు కూడా అందులో కలిపారు. ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి దాకా లాగుడు భరోసా ఖాయమైంది. కమిటీ కాఫీ తాగింది.

ఏప్రిల్ మొదటి వారంలో డ్రైవరు లండ అప్పన్న తాళంచెవి పట్టుకుని మంగతాయారు బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మగారో, బండికి అన్నీ ఉన్నాయండి. డీజిల్ ఒక్కటి నేదు. ముల్లు పడుకుండిపోనాది."

మంగతాయారు డీజిల్ మంజూరుకి నృసింహమూర్తి గారి గదిలోకి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తీశారు.

"డీజిల్ ఏ పద్దు కింద వస్తుంది?"

"వాహన కదలిక ఖర్చులండీ."

"లాగుడు ఏ పద్దు కింద వచ్చింది?"

మంగతాయారు ఫైలు తిరగేసి చూసింది. "అదీ కదలికేనండీ."

"రెండేళ్ళ కేటాయింపు కదలికకు పూర్తిగా చెల్లించి యున్నాము. ఒకే కదలికకు రెండుసార్లు చెల్లిస్తే ఆడిట్ వారు నన్నడుగుతారు. మిమ్మల్ని కాదు."

"మరి బండి ఎలా కదుల్తుందండీ?"

"కదలిక కొనుగోలు చేసి ఇచ్చాం. వినియోగించుకొనుట మీ విభాగం పని."

ఆ సాయంత్రం సూరిబాబు ఫోన్ చేశాడు. "తాయారూ, వెళ్ళొచ్చారా అరకు?"

"డీజిల్ లేదండీ."

"ఓ పది లీటర్లు నేను పోయించనా?"

"ప్రైవేటు డీజిల్ సంస్థ ట్యాంకులో పోస్తే ఎవరి అనుమతితో పోశారని అడుగుతారండీ."

మర్నాడు మంగతాయారు ఒప్పందం తీసి మొదటిసారి మొత్తం చదివింది. లాగుడుకి అర్హమైన లోపాలు అందులో నాలుగున్నాయి. ఇంజను లోపం, టైరు లోపం, బ్యాటరీ లోపం, ఇంధన లోపం. ఆమె బాజీకి ఫోన్ చేసింది.

"బాజీ, బండి ఆగిపోయింది."

"అప్పుడేనా! ఎక్కడమ్మా?"

"ఆఫీసు ఆవరణలో. ఇంధన లోపం."

"ఓస్, అంతేనా. వస్తన్నా. ఏ బంకుకి లాగాల?"

"బంకుకి కాదు. అరకుకి."

"అరకులో బంకుకా?"

"కాదు బాజీ. కాఫీ తోటల దగ్గరికి."

ఫోన్‌లో క్రేన్ ఇంజను ఆపేసిన చప్పుడు వినిపించింది.

"కోరిన చోటికి అని రాసుకున్నామయ్యా," అంది మంగతాయారు.

మొదటి యాత్రికులు అనకాపల్లి బెల్లం వ్యాపారి కాండ్రేగుల జగ్గారావు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. బాజీ క్రేన్ సౌధం ముందు చక్రాల్ని నేల మీద నుంచి లేపి కట్టుకుంది. సౌధం ముక్కు పైకెత్తి బయల్దేరింది. అప్పన్న స్టీరింగు ముందు బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. మంగతాయారు వెనక సోఫాలో కూర్చుంది. సర్క్యులర్ రెండో పేరా ప్రకారం చెడిన బండిని ఆమె విడిచిపెట్టకూడదు.

ఎస్.కోట దగ్గర ఎస్సై బండి ఆపాడు.

"దీన్నెవరు నడుపుతున్నార్రా?"

"ఎవరూ నడపడం నేదు బాబూ. అదే ఎలిపోతన్నాది," అన్నాడు అప్పన్న.

ఎస్సై కాగితాలు చూశాడు. అన్నీ ఉన్నాయి. వేగం లేదు, పొగ లేదు. ఏ సెక్షను కింద రాయాలో తెలియక, లోపలికెక్కి మంచినీళ్ళు తాగి దిగిపోయాడు.

ఘాట్ ఎక్కేటప్పుడు కొండ వాలుకి క్రేన్ ఎత్తు తోడైంది. గిన్నెలు, చెప్పులు, చిన్నపిల్లవాడు వెనక గోడకి చేరారు. జగ్గారావు భార్య మంచం కోడు పట్టుకుని "ఏటండీ ఇది, ముందుకెళ్తన్నామా, ఎనక్కెళ్తన్నామా?" అంది. తిరుగు ప్రయాణంలో కొండ దిగేటప్పుడు మాత్రం వాలూ ఎత్తూ సరిపోయి సౌధం బల్లపరుపుగా నిలిచింది. అందరూ టీ తాగారు. ఒక్క చుక్క ఒలకలేదు.

"దిగడం ఎంత బాగుందండీ," అన్నాడు జగ్గారావు. "చప్పుడు లేదు, కుదుపు లేదు. ఎక్కడం లేకుండా ఉత్త దిగడమే ఏర్పాటు చెయ్యలేరా?"

పరిశీలిస్తామని మంగతాయారు అంది. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆమే కొంచెం ఆశ్చర్యపోయింది.

ఆఫీసుకి చేరగానే ఆమె పెట్టె సర్దుకుని నృసింహమూర్తి గారి దగ్గరికెళ్ళింది.

"యాత్ర పూర్తయిందండీ. రిలీవింగ్ ఆర్డరు ఇప్పించండి."

ఆయన స్వయంగా సౌధంలోకెక్కి మీటరు చూసి వచ్చారు. ఇంజను తిరగలేదు కాబట్టి మీటరూ తిరగలేదు.

"కంపెనీ వారు అప్పగించిన నాడు మీటరు ఎంత చూపించినదో, నేడూ అంతే. సంస్థ దృష్టిలో వాహనం కదలలేదు. కదలని వాహనం యాత్ర పూర్తి చేసినదని నేను ధ్రువీకరించలేను."

"మూర్తి గారూ, నేను అరకు వెళ్ళొచ్చానండీ!"

"మీరు వెళ్ళారు. కాదనను. బండి వెళ్ళినదా అన్నది ప్రశ్న."

"నేను బండిలోనే ఉన్నానండీ!"

"అది మీ వ్యక్తిగత ప్రయాణం."

అదే గంటలో పై అంతస్తులో ఎం.డి. గారు పత్రికలవాళ్ళతో మాట్లాడుతున్నారు. డీజిల్ చుక్క వాడకుండా, పొగ వదలకుండా కొండ ఎక్కి దిగిన దేశంలోని ఏకైక బండి తమదని చెప్పారు. ముందు కట్టిన క్రేన్ డీజిల్ తాగింది కదా అని ఒక విలేకరి అడిగాడు. క్రేన్ సంస్థది కాదని ఎం.డి. గారు జవాబిచ్చారు.

ఆ రాత్రి ఫోన్‌లో లాస్య, "అమ్మా, నువ్వు టీవీలో కనిపించావ్. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నావ్," అంది.

"ఊపలేదే. పడిపోకుండా పట్టుకున్నాను."

బుకింగులు వచ్చిపడ్డాయి. సౌధం అరకు వెళ్ళింది, లంబసింగి వెళ్ళింది, భీమిలి వెళ్ళింది. ప్రతిసారీ ఇంధన లోపమే. బండి ఏ రోజూ బాగవలేదు కాబట్టి మంగతాయారు ఏ రోజూ దాన్ని విడిచి వెళ్ళకూడదని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ స్పష్టం చేసింది. ఆమె హాస్టల్ ఖాళీ చేసి సౌధంలోకి మారింది. యాత్రికులు పడకల మీద పడుకుంటే ఆమె అప్పన్న వెనక సీటులో పడుకునేది. ఇంటికి పోయిరావడానికి ఒక్క ఆదివారం సెలవడిగింది. సెలవు మంజూరైంది. బండిని వెంట తీసుకెళ్ళమన్నారు. ఆ ఆదివారం సౌధం భీమిలికి బుక్కైపోయింది.

"తాయారూ, ఇలా ఎన్నాళ్ళు?" అన్నాడు సూరిబాబు ఒకరోజు. పాలవాడి సంగతి ఎత్తలేదు. లాస్య పప్పు గురించి చెప్పడం మానేసింది. మంగతాయారుని ఆ చెప్పకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

దసరా దాటాక స్టోర్స్ విభాగం తనిఖీకి వచ్చింది. ఆర్నెల్లు వాడని వస్తువుని నిరుపయోగంగా ప్రకటించి వేలం వెయ్యాలని సంస్థ నియమం. తనిఖీ అధికారి సౌధమంతా చూసి, వాడని వస్తువు ఒక్కటే ఉందని తేల్చాడు. ఇంజను.

"ఇంజను తీసేస్తే ఎలాగండీ?" అంది మంగతాయారు.

"తీయకపోతే ఎలాగండీ?" అన్నాడు ఆయన. "దాని బరువు రోజూ మోస్తున్నారు."

ఇంజనుని ఒక పడవ యజమాని కొనుక్కుపోయాడు. ఆ చోట స్నానాల తొట్టి పెట్టారు. అప్పన్న ఆ రోజు అన్నం తినలేదు.

"అమ్మగారో, ఇయ్యాల ఇంజను పోనాది. రేపు నానండి. ఇంజను నేని బండికి డ్రైవరేటి?"

మంగతాయారు అతని కోసం పేజీన్నర నోట్ రాసింది. సంస్థ ఆలోచించి అతని పోస్టు పేరు "దిశా పర్యవేక్షకుడు" అని మార్చింది. జీతం కొంచెం పెరిగింది. స్టీరింగు మీద చెయ్యి వేసి రోడ్డు చూడటం అతని విధి. అప్పన్న ఎదురొచ్చే బస్సుల డ్రైవర్లకి చెయ్యి చూపడం మానేశాడు. తన హోదా ఇప్పుడు వేరు.

కష్టమంతా బాజీ మీద పడింది. ఒక మధ్యాహ్నం అరకులో క్రేన్ నీడలో కూర్చుని అతను మంగతాయారుతో మొర పెట్టుకున్నాడు.

"ఏడాదికి మూడుసార్లు చెడుద్దనుకున్నానమ్మా. ఇది ఒక్కసారే చెడింది. బాగవలా!"

"ఎం.డి. గారితో మాట్లాడలేకపోయావా?"

"మాట్లాడా. ఇంజను లేని బండి బండెట్టా అవుద్ది, లాగనన్నా. ఇంజను లోపం మొదటి లోపంగా రాసుందంట. అంతకన్నా పెద్ద లోపం ఇంకేం కావాలన్నాడు. అది కాక, నా క్రేనుకి కూడా లాగుడు భరోసా ఉండాలంట."

"అందుకేనా ఇవాళ రెండో క్రేన్ కట్టావు?"

"సంస్థ పని మీదున్న బండి ఏదైనా సంస్థ బండేనంట. అది చెడితే లాగే క్రేన్ దాని ముందు ఉండాలంట. నా రెండో క్రేన్ కూడా కట్టించారమ్మా."

మంగతాయారు రోడ్డు వైపు చూసింది. నిజమే. ముందు ఒక క్రేన్, దాని వెనక ఇంకో క్రేన్, దాని వెనక సౌధం. రెండో క్రేనుకి మూడో క్రేన్ సంగతి ఏమిటని నృసింహమూర్తి గారు ఫైల్లో అడిగారని ఆమెకి తెలుసు. ఆ మాట బాజీకి చెప్పలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఇతర జిల్లాల అధికారులు బృందాలుగా వచ్చి సౌధాన్ని అధ్యయనం చేశారు. మంగతాయారు తొట్టి పక్కన నిలబడి వాళ్ళకి ఉపన్యాసాలిచ్చింది. ఎం.డి. గారు ఇంకో పది సౌధాలకి ఆర్డరు పెట్టారు. ఇంజను లేకుండా ఎంతకిస్తారని కంపెనీని అడిగారు. కంపెనీ మళ్ళీ ఫోన్ చేసి, సరిగ్గా విన్నామా అని కనుక్కుంది.

మంగతాయారు ఇంకోసారి ఎం.డి. గారి దగ్గరికి వెళ్ళింది. ఈసారి కూర్చోమన్నారు.

"మీ బదిలీ నాకు గుర్తుంది. సాంకేతికంగా మొదటి యాత్ర కాలేదంటున్నారు మూర్తి గారు. అయినా ఒకమాట అడుగుతాను. ఇంజను లేని బండిని ఇన్నాళ్ళు నడిపిన అనుభవం ఈ రాష్ట్రంలో ఇంకెవరికుంది? మిమ్మల్ని వదులుకోమంటారా?"

ఆమె బయటికొచ్చి బండెక్కింది. వెళ్ళడానికి ఆమెకి వేరే చోటు లేదు.

మార్చి రెండో వారంలో బాజీ వచ్చాడు. చాలాకాలానికి అతని మొహం తేటగా ఉంది.

"ముప్పై ఒకటితో అయిపోద్దమ్మా. మళ్ళీ టెండరు వెయ్యను. నేనే కాదు, గాజువాకలో ఎవ్వడూ వెయ్యడు, అందరికీ చెప్పా. ఆ రోజు బండి ఎక్కడుంటే అక్కడ కొక్కెం విప్పేసి పోతా. చెప్పలేదనుకోబాకు."

"ఎక్కడుంటే అక్కడేనా?"

"నేను చేసేది నీకు మోసంగా అనిపిస్తే—"

"లేదు బాజీ. ఎక్కడుంటే అక్కడేనా అని అడుగుతున్నాను."

బాజీ ఆమె మొహం చూశాడు. "కోరిన చోటికి అనేగదమ్మా రాసుకుంది. నువ్వు ఎక్కడ కోరితే అక్కడ."

ఆ వారంలోనే సంస్థ ఒక యాత్ర ప్రకటించింది. కోరింగ మడ అడవుల సందర్శన. ప్రతిపాదన పెట్టింది మంగతాయారు. కొండ లేదు, వాలు లేదు, మైదానం. నృసింహమూర్తి గారికి అభ్యంతరం దొరకలేదు. కళ్ళజోడు తియ్యకుండానే సంతకం పెట్టారు.

ముప్పై ఒకటో తేదీ సాయంత్రం యాత్రికుల్ని కాకినాడ స్టేషన్లో రైలెక్కించారు. అక్కణ్ణుంచి రెండు క్రేన్లూ సౌధమూ వరసగా గాంధీనగరంలోకి తిరిగి, ఒక వీధిలో, ఒక మేడ ముందు ఆగాయి. వీధి సగం పైగా నిండిపోయింది. బాజీ కొక్కెం విప్పాడు. ఏడాది తర్వాత సౌధం ముందు చక్రాలు నేలకి ఆనాయి.

"వస్తానమ్మా. ఆయన్నీ పాపనీ అడిగానని చెప్పు."

రెండు క్రేన్లూ హారను మోగించుకుంటూ వెళ్ళిపోయాయి. అప్పన్న దిశ ఇంకా పర్యవేక్షించాలా అని అడిగాడు. ఎదురుగా సూరిబాబు వాళ్ళ మేడ గోడే ఉంది. అక్కర్లేదు, భోజనానికి రమ్మంది మంగతాయారు. లాస్య అప్పటికే బండెక్కి తల్లి నడుం పట్టుకుని వేలాడుతోంది.

మర్నాడు పది గంటలకి నృసింహమూర్తి గారి ఫోన్ వచ్చింది.

"ఎవరి ఉత్తర్వు మీద బండిని కాకినాడలో ఉంచారు?"

"ఉంచలేదండీ. నిన్నటితో లాగుడు భరోసా గడువు ముగిసింది. భరోసా లేని వాహనం కదలరాదు. సర్క్యులర్ మొదటి పేరా అండీ."

"అయితే మీరు వెంటనే వచ్చి ఆఫీసులో రిపోర్టు చెయ్యండి."

"బండి చెడి ఉందండీ. ఇంజను లేదు. విడిచి రాకూడదు. రెండో పేరా."

అవతల కళ్ళజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన సర్క్యులర్ తెప్పించుకుని చదువుతున్నారు. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించింది.

"మీరు చెప్పినది నిబంధనలకు లోబడియే ఉన్నది," అన్నారు. ఆ గొంతులో ఉన్నది గౌరవమేనని మంగతాయారుకి అనిపించింది.

వారంలో ఉత్తర్వులొచ్చాయి. కొత్త లాగుడు భరోసా ఎంపిక అయ్యేవరకు సౌధం కాకినాడలోనే ఉంటుంది. బాధ్యురాలైన అధికారి సౌధంతోనే ఉంటారు. అప్పన్న కూడా. ఎంపికకి కొత్త కమిటీ వేశారు. మొదటి సమావేశానికి మంగతాయారు ఇంట్లోంచి ఫోన్‌లో హాజరైంది. వంటింట్లో పప్పు ఉడుకుతోంది. తొందరగా ఏదో ఒకటి ఖాయం చేద్దామని ఎవరో కొత్త సభ్యుడు అన్నాడు.

"తొందర కూడదండీ," అంది మంగతాయారు. "సమగ్రంగా, అన్ని కోణాల్లోంచి పరిశీలించాలి. కిందటిసారి తొందరపడ్డాం."

ఆమె అభిప్రాయాన్ని కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఎదురింటి వేగేశ్న గారు రిజిస్ట్రేషన్ శాఖలో పని చేసి రిటైరయ్యారు. సౌధం వల్ల ఆయన కారు బయటికి తియ్యడానికి వీల్లేదు. పది రోజులు ఓపిక పట్టి, పదకొండో రోజు చేతికర్ర పట్టుకుని వచ్చారు.

"ఏవమ్మా తాయారూ, ఇదెప్పుడు తీస్తారు?"

"కమిటీ వేశారండీ, బాబాయి గారూ."

"ఎంతమంది?"

"కిందటిసారి ముగ్గురండీ. ఈసారి ఏడుగురు."

ఆయన కర్ర గచ్చుకి ఆనించి, సౌధాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి చూశారు. మెట్లెక్కి లోపలికి తొంగి చూశారు. దిగి వచ్చి గొంతు తగ్గించారు.

"మా మనవరాలి పెళ్ళి మాఘమాసంలో పెట్టుకుందామనుకుంటున్నాం. మగపెళ్ళివారి విడిదికి ఇది సరిపోతుందంటావా?"

"చక్కగా సరిపోతుందండీ," అంది మంగతాయారు. "వచ్చే మాఘమాసమా, ఆ పై మాఘమాసమా?"

"ఇంకా నిశ్చయం కాలేదమ్మా."

"నిదానంగా చూసుకోండి బాబాయి గారూ. ఏ మాఘమైనా ఫరవాలేదు."